పాత కంప్యూటరులకు దగిన ఆపరేటింగు సిస్టము

(మన సంఘ వార్షిక మహాసభ మొదటినాటి సాయంకాలమున జవహర్‌నగరమునందు గావించిన యుపన్యాసము)

  

ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత శబ్దమంజరిని వల్లెవేయించినవాడు కంప్యూటరును గూర్చి యుపన్యసింప లేచుట చూచి ముందువరుసలోని కొందఱు చిఱునవ్వు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. రెండేండ్ల క్రిందట నైనచో నేనును వారితో గూడ నవ్వియుందును.

నేడు నేను లేచుటకు గారణము రేపటి కార్యక్రమపత్రమందలి నాల్గవ తీర్మానము. మన విద్యార్థి వసతిగృహపు పఠనమందిరమున నున్న తొమ్మిది పాత కంప్యూటరులను తుక్కు క్రింద నమ్మివేసి, వాని స్థానమున క్రొత్తవి కొనుటకు దాతలనుండి చందాలు వసూలు చేయవలయునని యా తీర్మానము. దానిని ప్రతిపాదించినవారిని నేను దప్పుపట్టను. వారు తెలిసినవానిని బిలిచి చూపించిరి. అతడు మూడు నిమిషములు చూచి, "ఇవి పనికిరావు, క్రొత్తవి కొనుడు" అనెను. కాని క్రొత్త కంప్యూటరుల కిచ్చు దాతలు వేఱు, బీదపిల్లల పరీక్షరుసుములకును పుస్తకములకును ఇచ్చు దాతలు వేఱు కారు. ఆ చేయియే యీ చేయి. తొమ్మిది క్రొత్త యంత్రములు కొన్నయేడు విద్యార్థివేతనముల పట్టిక యెంత కుఱుచ యగునో మన కోశాధికారిగారి నడుగుడు. కావున సభవారు రేపు చేతులెత్తుటకు ముందు, నేనును వసతిగృహమందలి యిద్దఱు విద్యార్థులును ఆఱు ఆదివారములు ఆ యంత్రములను ముందఱ వేసికొని కూర్చుండి కనుగొన్నది విన్నవించుట నా విధి యని తోచినది.

వానిలో నెనిమిదింటికి రోగమే లేదనునది నా మొదటిమాట. మీట నొక్కిన వెలుగుచున్నవి; అక్షరములు కనబడుచున్నవి. కాని వానియందు నడచుచుండిన విండోసు 10 అను ఆపరేటింగు సిస్టమునకు దానిని నిర్మించిన సంస్థవారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ రక్షణసవరణలను నిలిపివైచిరి. కోరి నమోదు చేసికొన్న గృహోపయోగ యంత్రములకు 2026 అక్టోబరు వఱకు అదనపు గడువిచ్చిరి. అది గడువే గాని జీవనాధారము కాదు. తరువాతిదగు విండోసు 11 పాతవానిని గడప దాటనీయదు. 4 గీగాబైట్ల ర్యామును, 64 గీగాబైట్ల డిస్కును ఉన్నంతమాత్రమున జాలదు, టీపీఎం 2.0 అను భద్రతాసాధన ముండవలెను; ఇంటెలు ప్రాసెసరైనచో 2017లో వెలువడిన యెనిమిదవ తరమునకు దక్కువది కారాదు. మన తొమ్మిదింటిలో నొక్కదానికిని ఈ యర్హత లేదు. యంత్రము చెడలేదు, దానికి బనిచెప్పువాడు కొలువు మానినాడు. ఇంతియే జరిగినది.

ఆపరేటింగు సిస్టమనగా నేమని యడుగు పెద్దలు మనలో గలరు. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు ఉన్నంతమాత్రమున గొడవలి పుట్టదు. తిత్తి యెప్పు డూదవలయునో, కాలిన యినుము దాగలిమీది కెప్పుడు రావలయునో, సమ్మెట యెక్కడ బడవలయునో చెప్పు పెద్ద యొకడు కొలిమికడ నుండవలెను. కంప్యూటరులోని ప్రాసెసరు, ర్యాము, డిస్కు, తెర, కీబోర్డు అనునవి పనిముట్లు. వానిచే వేళకు బని చేయించు పెద్దయే ఆపరేటింగు సిస్టము. ఒక పెద్ద వెడలిపోయినచో మఱియొకని గూర్చుండబెట్టవచ్చును. కొలిమిని గూల్చి తుక్కున కమ్మనక్కఱలేదు.

తుక్కు అను మాట మఱియే యూరనైనను తేలికగా బలుకవచ్చునేమో కాని జవహర్‌నగరమున నట్లు పలుకరాదు. భాగ్యనగరపు చెత్త మన యింటిముంగిటికి వచ్చుచు నిరువదియేండ్లు దాటినది. 300 ఎకరములకు పైబడిన యా దిబ్బను, వేసవిగాలికి వచ్చు దాని కంపును, వానకాలమున దానినుండి యొలుకు నల్లనినీటిని మీకు వర్ణించి చెప్పుట నా పని కాదు. మీరు దానితో గాపురము చేయుచున్నారు. దిబ్బను గప్పుటయు, 2020లో చెత్తను మండించి విద్యుత్తు పుట్టించు కేంద్ర మేర్పడుటయు జరిగినవి. బండ్లు మాత్రము వచ్చుచునే యున్నవి. కంప్యూటరు ఆ చెత్తలో గలియవలసినది కాదు. పాత పలకల యతుకులలో సీసము కలదు. పాత లావు తెరల గాజులో నింకను ఎక్కువ కలదు. తీగలను గాల్చి రాగి తీసికొనువా రెట్టి పొగను బీల్చుచున్నారో మూస యొద్ద గూర్చున్న మనవారికి నేను జెప్పనక్కఱలేదు. 2022లో గావింపబడి 2023 ఏప్రిలు 1 నుండి యమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమావళి ప్రకార మిట్టి వస్తువులు నమోదైన పునశ్శుద్ధికర్తలకే చేరవలెను. తోపుడుబండిమీద తూకమునకు గొనిపోవువాడు వానిని ఎక్కడకు జేర్చునో మన మడుగుట లేదు.

ఇది యిట్లుండగా, ఈ జవహర్‌నగరము పేరుననే యుత్తరములు చేరు బిట్సు పిలానీవారి హైదరాబాదు విద్యాలయము 2008 నుండి మన పొరుగున నున్నది. ఒకదిక్కున దేశపు నలుమూలలనుండి వచ్చిన బాలురు కంప్యూటరుశాస్త్రము చదువుచున్నారు. మఱియొకదిక్కున కంప్యూటరులు ముక్కలై చెత్తబండ్లలో దిగుచున్నవి. నడుమ మన పిల్లలున్నారు. వారి కంప్యూటరు లేదిక్కునకు బోవలయునో నిర్ణయించు తీర్మానమే రేపటిది.

ఇక విషయములోనికి వచ్చెదను. వెల లేకుండ లభించు ఆపరేటింగు సిస్టములు పెక్కులున్నవి. వీనిని మనవారు "ఉచితము" అందురు. ఇచ్చట నా పాతవృత్తి నన్ను మాటాడనీయక మానదు. సంస్కృతమున ఉచితమనగా వెల లేనిది కాదు, తగినది. తెలుగున నెట్లో అది వెల లేనిదను నర్థమున బడినది. ఈ రెండర్థములును నేటి విషయమున నొక్కచోట గలసినవి: వెల లేనివి వందలున్నవి, వానిలో దగినది యేది? ఔచిత్యమే కావ్యమునకు బ్రాణమని పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చ యను గ్రంథమే వ్రాసెను. పాత కంప్యూటరు విషయమునను నేను గనుగొన్నది యదియే. మిక్కిలి తేలికయైనది మిక్కిలి మంచిది కాదు. యంత్రమునకును, దానిముందు గూర్చుండువానికిని, చెడినప్పుడు బాగుచేయువానికిని దగినదే మంచిది.

మూడవ యర్థ మొకటి కలదు, అది స్వేచ్ఛ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను నమెరికనుడు గ్నూ అను పేర నొక ప్రయత్నమును బ్రకటించెను. కంప్యూటరును నడపు వ్రాతను ఎవరైనను జూడవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు బంచవచ్చును; అట్లు పంచుటకు నడ్డు చెప్పుట తప్పు, ఇది యాతని మతము. 1991లో లైనస్ టోర్వాల్డ్సు అను ఫిన్లాండు విద్యార్థి లినక్సును వెలువరించెను. ఈ రెండును గలిసినదే నేడు మనము సామాన్యముగా లినక్సు అనునది.

ఈ చరిత్ర వినినపుడు నాకు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము జ్ఞప్తికి వచ్చినది. అచ్చట మన చేతిపనివారు మూసలలో గరగించిన యుక్కును బారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. ఆ యుక్కు కత్తులు దేశదేశముల బ్రసిద్ధికెక్కినవి. నేడు కొలిములు లేవు, ఆ పాకమును చేతితో చేసి చూపువాడును లేడు. పరపాలనయు, సీమయినుమును దానికి ముఖ్యకారణములు, కాదనను. కాని తండ్రి కుమారునకు దప్ప చెప్పని విద్య, కుమారుడు వృత్తి మానిననాడు తండ్రితోనే పోవును. మన కులమున నిట్లు పోయిన విద్య లెన్నియో మీ రెఱుగుదురు. వ్రాసి నలుగురిలో బెట్టిన విద్య యొకడు మానినను మఱియొకని చేత బ్రదుకును. లినక్సున కదే బలము. నడపు సంస్థ మూతపడినను వ్రాత మిగులును.

మన తొమ్మిది యంత్రముల వివరము చెప్పెదను. మూడు ల్యాప్‌టాపులు, 2012 నాటి మూడవతరపు ఐ3 ప్రాసెసరు, 4 గీగాబైట్ల ర్యాము గలవి. నాలుగు బల్లమీది కంప్యూటరులు, 2006లో మొదట వెలువడిన కోర్ 2 డ్యుయో జాతివి, 2 గీగాబైట్లవి. ఒక చిన్న నెట్‌బుక్కు, 2008 నాటి యాటము ప్రాసెసరు, ఒక్క గీగాబైటు. తుదిది పెంటియం 4. దానిని గూర్చి పిమ్మట.

మొదటి ఆదివారమున మేము చేసిన పని తెలివితక్కువది. అన్నిటికంటె తేలికయైన దానిని వెదకి, తొమ్మిదింటిలో వెలుగుచున్న వాని కన్నిటికి నదియే యెక్కించితిమి. అది గ్రీసుదేశమున బుట్టిన యాంటిఎక్సు. దానిని నేను నిందింపను. మా నెట్‌బుక్కులో నది యూరకయున్నప్పుడు సుమారు 200 మెగాబైట్ల ర్యాముతో సరిపెట్టుకొనుట చూచి నే నాశ్చర్యపడితిని. కాని మఱుసటి వారము పోయి చూడగా నెవ్వరును ఆ కంప్యూటరులముందు గూర్చుండలేదు. కిటికీలు వేఱుగా నున్నవి, వైఫై కలుపు తావు పిల్లలకు దెలియలేదు, పెన్ డ్రైవు పెట్టినచో నెక్కడ గనబడునో తెలియలేదు. "మాస్టారూ, ఇది బీదవాండ్ల కంప్యూటరువలె నున్నది" అని యొక బాలిక యన్నది. ఆ మాట నన్ను బొడిచినది. నాలుగు గీగాబైట్లు గల యంత్రమునకు నేను నిష్కారణముగా నుపవాసము పెట్టితిని.

అప్పటినుండి యంత్రము నడిగి, పిల్లల నడిగి, పిమ్మట నెక్కించితిమి. మొదట జూడవలసినది ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా యనునది. ఇది వట్టి సంఖ్య కాదు, ఆయుఃప్రమాణము. నేడు ముఖ్యమైన లినక్సు కూర్పు లొక్కటొక్కటిగా 32 బిట్లవానిని విడుచుచున్నవి. లినక్సు మింటు తన ప్రధానశాఖలో 2020లోనే విడిచినది. 1993లో నారంభమైన డెబియను ఎంతయో యోపికతో మోసి, 2025 ఆగస్టులో వెలువడిన 13వ కూర్పున 32 బిట్ల యంత్రములపై గ్రొత్తగా నెక్కించు వీలును దీసివైచినది. దానికి ముందరి 12వ కూర్పునకు 2028 జూను వఱకు దీర్ఘకాలరక్షణ కలదు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరువారును 2025లోనే 32 బిట్ల లినక్సునకు గ్రొత్తకూర్పు లిచ్చుట మానిరి. కావున 32 బిట్ల యంత్రమున కేమి యెక్కించినను అది కొన్నియేండ్ల మాటయే యని యెఱిగి యెక్కించవలెను.

రెండవది ర్యాము. ఇచ్చట జనుల కొక భ్రాంతి కలదు. ఆపరేటింగు సిస్టము తేలికయైనచో నంతయు దేలికయగునని తలంతురు. మా ల్యాప్‌టాపులలో మింటు తాను 800 మెగాబైట్లు తినుచుండగా, బ్రౌజరులో నాలుగు పుటలు తెఱచిన వెంటనే యది యొక గీగాబైటును మించినది. పుట్టింటిబరువు కంటె బండిలో నెక్కిన చుట్టముల బరువెక్కువ. ప్రభుత్వపు దరఖాస్తుపుటలు, వీడియో పాఠములు, ప్రకటనలు, ఇవి కదా చుట్టములు! ఆపరేటింగు సిస్టమును మార్చి 500 మెగాబైట్లు మిగిల్చితి మనుకొనుడు. ప్రకటనల నడ్డగించు యుబ్లాకు ఆరిజిను అను చిన్న జోడింపును బ్రౌజరున బెట్టుటచే గలిగిన సుఖము దానికి దీసిపోలేదు. సంశయమున్నవారు వసతిగృహమున వచ్చి చూడవచ్చును.

మూడవది డిస్కు. తిరుగుచుండు పాత హార్డుడిస్కును దీసి, కదలని ఎస్ఎస్‌డీ నమర్చినచో వృద్ధునకు బ్రాయము వచ్చినట్లుండును. ల్యాప్‌టాపులకు, బల్లమీదివానికి గలిపి యేడు ఎస్ఎస్‌డీలును, నాలుగింటి ర్యామును 4 గీగాబైట్లకు బెంచుటకు వాడిన పలకలును సికందరాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరులో దొరకినవి. అన్నిటికి గలిపి యొక్క క్రొత్త కంప్యూటరు వెలకు లోపడియే వ్యయమైనది. రసీదులు కోశాధికారిగారి యొద్ద నున్నవి.

ఈ విధముగా ల్యాప్‌టాపులకు లినక్సు మింటులోని ఎక్స్ఎఫ్‌సీఈ శాఖ కుదిరినది. దాని 22వ కూర్పు 2024లో వెలువడినది. 2029 వఱకు సవరణలు వచ్చును. విండోసు అలవాటైనవా డొక దినములో దానియందు దారి తెలిసికొనును. బల్లమీది నాలుగింటికి డెబియను 13ను, ఎల్ఎక్స్‌క్యూటీ యను తేలికయైన ముఖముతో నెక్కించితిమి. లుబుంటును బరీక్షించితిమి, అదియు నదే ముఖము గలది, మంచిదే, కాని డెబియనులో సవరణలు తఱచు మొగము మార్పవు, మాకదియే నచ్చినది. నెట్‌బుక్కున కాంటిఎక్సే యుంచితిమి, అచ్చట నది యుచితము గనుక.

ఇతరములను గూర్చి యొకటి రెండు మాటలు. పప్పీ లినక్సు 2003లో ఆస్ట్రేలియావాడైన బారీ కౌలర్ నిర్మించినది. అంతయు ర్యాములోనికి జేరి నడచును, డిస్కు చెడిన యంత్రముకూడ దానితో మేలుకొనును. నా జేబులో నెప్పుడు నొక పప్పీ పెన్ డ్రైవు ఉండును. వైద్యుని సంచిలోని సూదివంటిది, దినమును దానితో భోజనము చేయరాదు. టైనీ కోర్ అనునది యిరువది ముప్పది మెగాబైట్లలో నిముడును, వింతగొలుపును. మనకు వింత యక్కఱలేదు. గూగులువారు 2022లో వెలువరించిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్సు వెల లేనిదే కాని, 4 గీగాబైట్లు కోరును, వారి ఖాతా లేక పూర్తిగా నుపయోగపడదు. వెల లేకపోవుటయు, స్వేచ్ఛయు నొక్కటి కాదని ఇందాక చెప్పితిని గదా!

మన దేశపు ప్రయత్నములను విస్మరించితినని యెవరైనను అనవచ్చును. సీడాక్కువారు చెన్నైనుండి 2007లో వెలువరించిన బాసు లినక్సు డెబియనుమీద గట్టబడినది, తెలుగు మొదలగు దేశభాషలు గలది. తెలుగువారిలో నైతే హైదరాబాదున 2005 నుండి పనిచేయుచున్న స్వేచ్ఛ యను నుద్యమమువారు లినక్సును దెలుగుననువదించి, తెలుగు ఆపరేటింగు సిస్టమును దెచ్చిరి. బడిపిల్లలకై బాలస్వేచ్ఛను గూర్చిరి. వేలకొలది మెనూమాటలకు దెలుగు పదములను వెదకి కూర్చిన యా యువకుల శ్రమ, నిఘంటువు పని యెట్టిదో యెఱిగిన నాబోటివానికి జేతులెత్తి మ్రొక్కదగినదిగా దోచును. కేరళదేశమున 2001లో నారంభమైన పాఠశాలల కంప్యూటరు పథకము స్వేచ్ఛా సాఫ్టువేరుమీదనే నిలిచి, ఆ రాష్ట్రపు బడులలో లక్షలాది పిల్లలకు లినక్సును సామాన్యవస్తువుగా జేసినది. వారికి జేతనైనది మన వసతిగృహమున కేల చేతగాదు?

తెలుగు వ్రాయుటకు గలుగు సౌకర్యము నన్ను సంతోషపెట్టినది. యూనికోడులో 1991 నాటి మొదటి కూర్పుననే తెలుగునకు స్థానము దొరకినది. డెబియనులో లోహిత్, పోతన, వేమన యను ఖతులను వెల లేకుండ దెచ్చుకొనవచ్చును. ఐబస్ అను నుపకరణమున ఇన్‌స్క్రిప్టు పద్ధతిగాని, ఇంగ్లీషక్షరములతో దెలుగు పలుకు నార్టీఎస్ పద్ధతిగాని యెన్నుకొనవచ్చును. నాకు ఇన్‌స్క్రిప్టు రుచించినది. అచ్చు లొకప్రక్క, హల్లు లొకప్రక్క నుండి, వర్గాక్షరములు జంటలుగా నమరియుండుట చూడగా దానిని గూర్చినవాడు వ్యాకరణము చదివినవాడని తెలియును. ఆ చిన్న నెట్‌బుక్కులో నింటర్నెట్టు సరిగా నడువదు. కాని లిబ్రె ఆఫీసులో దెలుగు వ్రాయుటకు దానికంటె ప్రశాంతమైన యంత్రము లేదు. ఈ యుపన్యాస మంతయు దానిమీదనే వ్రాసితిని.

ఇక జరిగిన దోషమును గూడ జెప్పవలెను. కప్పిపుచ్చుట నాకు దగదు. బల్లమీది కంప్యూటరులలో మూడవదానియందు, కీర్తిశేషులైన మన పూర్వకార్యదర్శిగారు ఆఱేండ్ల విద్యార్థివేతనముల పట్టికను, మన మండలపు కుటుంబముల గోత్రవివరములను స్వయముగా టైపుచేసి యుంచిరి. ఎక్కించునపుడు "డిస్కు నంతయు దుడిచివేయుదునా?" యని యంత్రము నన్నడిగినది. అడుగకుండ జేసినదని చెప్పుటకు వీలులేదు. నేను లోనేమున్నదో చూడక "అవును" అను దానిని నొక్కితిని. వేతనముల పట్టిక కాగితములనుండి మరల గూర్పబడినది. గోత్రవివరములలో నుత్తరపు గ్రామములవి మాత్ర మింకను దొరకలేదు. ఆ గ్రామములనుండి వచ్చిన పెద్దలు ఈ సభలోనున్నచో దయచేసి నన్ను గలసికొనుడు. కాగితము, కలము నా సంచిలో నున్నవి. ఆనాటినుండి మాకొక నియమమేర్పడినది: యంత్రములోని సమస్తమును బయటి డిస్కులోనికి నకలు తీసి, ఆ నకలును మఱియొక కంప్యూటరులో దెఱచి చూచినపిమ్మటనే తుడుచుట. నకలు తీయుట వేఱు, తీసినది తెఱచుకొనుట వేఱు.

తుడువకయే పరీక్షించు మార్గము కలదు. పైని చెప్పినవానిలో బెక్కింటిని పెన్ డ్రైవునుండియే నడపి చూడవచ్చును. లోపలి డిస్కును దాకనక్కఱలేదు. కంకణము కొనబోవునామె చేతికి దొడిగి చూచుకొన్నట్లు, వైఫై కలియునా, శబ్దము వచ్చునా, మూత మూసి తెఱచిన మేలుకొనునా, మన ప్రింటరు పలుకునా యని యొకపూట చూచుకొని పిమ్మట నిర్ణయించవలెను. ఒక యంత్రమున నే పుట యడిగినను బ్రౌజరు భయపెట్టు హెచ్చరికయే చూపుచుండెను. ఇంటర్నెట్టు చెడినదని యిద్దఱు చెప్పిరి. చూడగా లోపలి గడియారము 2009 జనవరిలో నిలిచియుండెను. తేదీ తప్పినచో వెబ్బుపుటల యధికారపత్రములు చెల్లవు గదా! పలకమీది నాణెమువంటి సీఆర్ 2032 బ్యాటరీని మార్చితిమి. అన్ని పుటలును దెఱచుకొన్నవి. ఇట్టి చిన్నరోగములకు యంత్రమును శ్మశానమునకు బంపువా రెందఱో!

లినక్సు సర్వరోగనివారిణి యని నేను జెప్పను. సభలో బంగారు దుకాణములవారు చాలమంది యున్నారు. మీ లెక్కలు ట్యాలీలో నున్నచో, వేలిముద్ర యంత్రములు విండోసునే కోరుచున్నచో, ఆ కంప్యూటరును గదల్పకుడు. అచ్చుపనివారైన మన సోదరుల ఇబ్బంది వేఱు: అను ఖతులతో గూర్చిన పాతవ్రాతలు యూనికోడు కానందున లినక్సులో నేరుగా జదువరావు, మార్పిడి చేసికొనవలెను, చేసినపిమ్మట నొత్తులు సరిచూచుకొనవలెను. ఈ సంచికయు నట్లే కూర్పబడుచున్నదని వింటిని; కావున నా నెట్‌బుక్కు వ్రాతను జూచి కూర్పరిగారు నన్ను మనసులో నేమనుకొనిరో నే నూహింపగలను.

పెంటియం 4ను గూర్చి చెప్పెదనంటిని. దానిని మే మెట్లైన బ్రదికింపవలెనని రెండాదివారములు పాటుపడితిమి. పలకమీది కెపాసిటరులు పొంగియున్నవి. వెలిగిననాడు విసనకఱ్ఱ పిండిమరవలె మ్రోగును. చేయు పనికి మించి విద్యుత్తు ద్రాగును. ఒక బాలుడు "మాస్టారూ, దీనిని వదలుడు" అన్నపుడు నాకు గోపము వచ్చినది, తరువాత వాడే సరియని తెలిసినది. దానిలోని పెట్టె, తీగలు, స్క్రూలు దాచితిమి. మిగిలినది తూకమువానికి గాక నమోదైన పునశ్శుద్ధికర్తకు జేర్చవలెను.

కావున నాల్గవ తీర్మానమునకు నేను రేపు ప్రతిపాదింపనున్న సవరణ యిది. తొమ్మిదింటిలో నొక్కదానిని మాత్రమే పునశ్శుద్ధికి బంపుట. ఎనిమిదింటిని ఒక విద్యాసంవత్సరము వఱకు వాడి చూచుట. దాత లిచ్చు సొమ్మును యథాపూర్వముగా విద్యార్థివేతనములకే యుంచి, అందుండి కొద్దిమొత్తమును బ్యాటరీలకును, కీబోర్డులకును విడదీయుట. ఏడాది పిమ్మట బిల్లలే పనికిరావనినచో నేను లేచి క్రొత్తవాని కోట్లాడెదను. ఆ యిద్దఱు బాలురు వచ్చు మార్చిలో బరీక్షలు వ్రాసి వెడలిపోవుదురు. వారికి బదులుగా నీ పని నేర్చుకొనువారిని, బాలికలనుగూడ జేర్చి, ఇప్పుడే నలుగురిని నియమింపవలెనని కోరుచున్నాను. లేనిచో కోనసముద్రపు కథ మన పఠనమందిరముననే మరల జరుగును.

మీ యిండ్లలో నటకలమీద మూటగట్టి పెట్టిన ల్యాప్‌టాపు లున్నచో తుక్కువానిని బిలువకుడు. ప్రతినెల రెండవ ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి మధ్యాహ్నభోజనము వఱకు మేము పఠనమందిరమున నుందుము. లోపలి ఫోటోలు, పత్రములు నకలు తీసికొని రండు. తీయుట రానివారు ఖాళీ పెన్ డ్రైవుతో రండు, పిల్లలు తీసిపెట్టుదురు. వచ్చునపుడు ఛార్జరు మఱవకుడు. గతమాసమున వచ్చిన యైదింటిలో మూడింటికి ఛార్జరు లేక వెనుకకు బంపవలసి వచ్చినది.